అక్క గ్రాఫులో వేరే చుక్క

మా పాల దుకాణంలో మీటర్ ఒక్కటే ఉంటుంది. గాజుది, మా బాపు కాలం నాటిది. అడుగున సీసపు గుళ్ళతో బరువుగా, పైన గీతలున్న సన్నని మెడతో ఉంటుంది. పాలలో నిలబెడితే అది ఎంత లోతుకు మునిగిందో మెడమీది గీత చెబుతుంది. నీళ్ళు కలిసిన పాలలో ఎక్కువ మునుగుతుంది, అంకె తగ్గుతుంది. రోజూ పొద్దున ఐదున్నరకు మా బావ ఊరి బయటి బర్రెల తబేలా నుంచి ఆటో ట్రాలీలో క్యాన్లు తెస్తాడు. ఒక్కో క్యాన్‌లోంచి గ్లాసెడు పాలు తీసి, మీటర్ పెట్టి చూసి, గోడకున్న పలకమీద సుద్దతో అంకె రాస్తాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే నా పని. పాలు కొలిచి పోసేది అక్క. లాల్‌దర్వాజాలో మా గల్లీలో దుకాణం ముందు, అక్కా బావల ఇల్లు వెనక, నా ఇల్లు మేడమీద.

నేను చదివింది ఏడో తరగతి వరకే. తర్వాత నేర్చుకున్న లెక్కలన్నీ పాత కాగితాల రద్దీ దుకాణంలో కిలో చొప్పున కొన్న పాఠ్యపుస్తకాల నుంచి నేర్చుకున్నవి. సగటు తీయడం, శాతాలు, గ్రాఫు గీయడం అలా వచ్చాయి. ఏ అంకె కనబడినా దాని పక్కన నిన్నటి అంకె పెట్టి చూడకపోతే నాకు తోచదు. నేను అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం అంకె చెప్పకుండా 'సుమారు' అంటానట. ఈ సంగతి కనిపెట్టింది అక్క. పెళ్ళయిన కొత్తలోనే నా భార్య చెవిన వేసింది కూడా.

దబీర్‌పురా స్టేషన్ వైపు చాయ్ హోటల్ నడిపే ఒక భాయ్ మా దగ్గర పాలు తీసుకుంటాడు. కొన్నేళ్ళ కిందట ఆయన ఒక కొత్త మీటర్ కొనుక్కుని, దాన్ని రుమాలులో చుట్టుకుని పంచాయితీకి వచ్చాడు.

"క్యా భాయ్, నువ్వు ఇరవై తొమ్మిది అని రాస్తవ్. నా మీటర్ ఇరవై ఆరే అంటున్నది. మూడు డిగ్రీలు యాడవోయినయ్? మధ్యల మూసీ ఏమన్న తగిలిందా?"

నేను వాదించలేదు. ఒకే క్యాన్‌లోంచి రెండు గ్లాసులు తీసి, ఒకదాంట్లో నా మీటర్, ఒకదాంట్లో ఆయన మీటర్ నిలబెట్టాను. నాది ఇరవై తొమ్మిది, ఆయనది ఇరవై ఆరు. తర్వాత గ్లాసులు మార్చాను. అంకెలు మారలేదు.

"పాలు ఒక్కటే, మీటర్లు రెండు. నీ మీటర్‌ని నా మీటర్‌తోని పోల్చకు భాయ్. రోజు అదే పెట్టు. నిన్నటికంటె తగ్గితె అప్పుడు వచ్చి నా గల్లా పట్టు."

ఆయన చాలాసేపు రెండు గ్లాసులనూ మార్చి మార్చి చూశాడు. "అచ్ఛా. అయితే దీన్ని ఇంట్ల పెట్టుకుంట. మా బేగం నా గిలాసల పాలెన్ని, నీళ్ళెన్ని పోస్తదో తెలుస్తది" అని రుమాలు చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఈ కథ నేను ఆ తర్వాత ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. లెక్క పెట్టకుండా వదిలేసినవి నాకు చాలా తక్కువ, అది ఒకటి.

బాపు చెప్పిన ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. "మీటర్ పాలను చూడదు బిడ్డా, బరువును చూస్తది" అనేవాడు. మీగడ తీసేస్తే పాలు బరువెక్కి అంకె పెరుగుతుంది. అప్పుడు నీళ్ళు పోస్తే మళ్ళీ మామూలు అంకెకు దిగుతుంది. మీటర్‌కు రెండు మోసాలు కలిపి చేస్తే ఒక్క మోసం కూడా కనబడదు. అందుకే బాపు అంకె చూశాక కూడా రెండు చుక్కలు నాలుకమీద వేసుకునేవాడు.

రెండేళ్ళ కిందట అక్కకు రెండు ముద్దలు తినగానే కడుపు నిండినట్టు ఉండేది. గ్యాస్ అనుకుని సోంపు నములుతూ నెల గడిపింది. నడుము దగ్గర చీర బిగుతవుతోందని, తను లావెక్కుతున్నానని మురిసింది కూడా. చివరికి డాక్టర్ దగ్గరికి పోతే స్కాన్ రాసి, దానితో పాటు ఒక రక్తపరీక్ష రాశారు. ఆ పరీక్ష పేరు సీఏ నూట ఇరవై ఐదు. పేరులోనే అంకె ఉన్న పరీక్షను నేను అప్పటిదాకా చూడలేదు. వచ్చిన కాగితంలో ఆరు వందల పన్నెండు అని ఉంది. ముప్పై ఐదు లోపల ఉండాలని పక్కనే రాసి ఉంది. భాగహారం వద్దన్నా దానంతట అదే జరిగిపోయింది. పదిహేడున్నర రెట్లు.

పెద్దాసుపత్రిలో క్యాన్సర్ డాక్టరమ్మ ఆ కాగితం చూసి పక్కన పెట్టారు. నా మొహం చూసి కాబోలు, వివరంగా చెప్పారు. ఇలాంటి పరీక్షలను బయోమార్కర్లు అంటారని, ఒంట్లో జరిగేదానికి రక్తంలో దొరికే గుర్తులని అన్నారు.

"ఈ అంకె ఒక్కదాన్ని చూసి క్యాన్సర్ అనలేమండి. వేరే గడ్డలున్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. కొందరికి క్యాన్సర్ ఉండి కూడా పెరగదు. స్కాన్ చూడాలి, ముక్క తీసి పరీక్షకు పంపాలి. అప్పుడే చెప్తాను."

బయటికి వచ్చాక అక్క అడిగింది, ఏమన్నదిరా అని.

"మీటర్‌తోని తేలదట అక్కా. నాలుక మీద ఏసి చూడాలెనట."

అక్క అంత భయంలోనూ నవ్వింది. "బాపు ఈడికి గిట్ల వచ్చిండా ఏంది?" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ పరీక్షకు నెత్తురు మీటర్ అనే పేరు.

ముక్క పరీక్షలో అది అండాశయం క్యాన్సరే అని తేలింది. మూడు సార్లు మందు ఎక్కించారు, తర్వాత ఆపరేషన్, తర్వాత మళ్ళీ మూడు సార్లు మందు. అక్క జుట్టంతా పోయింది. గిరాకీలకు భయమవుతుందని బావ ఒక టోపీ తెస్తే, అది పెట్టుకుని గల్లా దగ్గర కూర్చుని "టోపీ నేనే పెట్టుకున్న, మీకు పెట్ట, కొలత సక్కగనే పోస్త" అనేది.

నేను పాత క్యాలెండర్ వెనక గ్రాఫు గీశాను. కింద నెలలు, పక్కన అంకెలు. తర్వాత్తర్వాత వచ్చే చిన్న అంకెలు కూడా విడివిడిగా కనబడాలని సెంటీమీటరుకు పది పెట్టాను. దాంతో ఆరు వందల పన్నెండు కాగితంలో పట్టలేదు. పైన ఇంకో క్యాలెండర్ అతికించాల్సి వచ్చింది. "నా రోగానికి ఒక్క కాగితం సాలలేదా" అని అక్క నన్ను దెప్పింది. దాన్ని బట్టల బీరువా తలుపు లోపలి వైపు అంటించాం. ఆరు వందల పన్నెండు, తర్వాత తొంభై ఆరు. ఆపరేషన్ అయిన వెంటనే ఆ పరీక్ష చేయించవద్దని డాక్టరమ్మ చెప్పారు. కోత మానే లోపల చూస్తే అంకె ఊరికే ఎక్కువ వస్తుందట. అది నాకు ఒక్కసారి చెబితే చాలింది. అప్పుడే పిండిన పాలలో కూడా మేము మీటర్ పెట్టం. నురగ, గాలి దిగాలి. అక్కకు కోత మానాక చూస్తే ఇరవై ఎనిమిది. తర్వాత పద్నాలుగు, పదకొండు, పన్నెండు, పదకొండు. గీత కొండ దిగి మైదానంలో పడ్డట్టు అయింది.

దీనికి తోడు ఇంకో పరీక్ష చేశారు. అది అంకె కాదు, ఉందా లేదా అనే పరీక్ష. అక్క రక్తంలో ఒక జన్యువు మార్పు కనబడింది. ఆ మార్పు ఉన్నవాళ్ళకు బాగా పనిచేసే మాత్రలు ఉన్నాయని, మందులు ఎక్కించడం అయ్యాక రోజూ వేసుకోవాలని రాసిచ్చారు. అదే రోగం ఉన్న ఇద్దరికి ఒకే మందు రాయకపోవడానికి కారణం ఇలాంటి గుర్తులేనట. ఆ మార్పు తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది కాబట్టి నేను కూడా చూపించుకోవాలన్నారు. ఉండటానికి సగం, లేకపోవడానికి సగం. రూపాయి బిళ్ళ ఎగరేసినట్టే. నాకు లేదని వచ్చింది. నాకు లేకపోతే నా కూతురికి నా వైపు నుంచి రాదు. అక్కా బావలకు పిల్లలు లేరు, నా కూతురే వాళ్ళ కూతురు. ఆ కాగితం చూసి నాకంటే అక్క ఎక్కువ సంబరపడింది.

"మన మేనత్తలు ముగ్గురికి కడుపుల గడ్డనే. గిది బాపు దిక్కుకెళ్ళి వచ్చిందే. బాపు నాకు ఇచ్చిండు, నీకు ఇయ్యలే. సూడు, సిన్నప్పటి సంది నేనంటెనే ఎక్కువ పానం."

ఇక నా తప్పు దగ్గరికి వస్తున్నాను. ఈ ఏడు ఆషాఢంలో మూడు నెలల పరీక్ష రోజు వచ్చింది. బోనాల ఆదివారానికి ఇంకా ఆరు రోజులుంది. అక్క రెండేళ్ళుగా బోనం ఎత్తలేదు. మొదటి ఏడు మందుల మధ్యలో ఉంది. రెండో ఏడు చేతులు వణికేవి. రెండుసార్లూ నా భార్యే ఎత్తింది. ఈసారి అక్క నెల ముందే కుండ చెప్పి పెట్టింది. దానికి వేయాల్సిన పసుపు, కుంకుమ చుక్కల గురించి కూడా నా భార్యతో మాట్లాడుతోంది.

పెద్దాసుపత్రి ఊరికి అటు చివర. బావ ట్రాలీ రిపేరుకు పోయింది, వాన ఆగడం లేదు. స్టేషన్ రోడ్డులో కొత్తగా రక్తం తీసుకునే కౌంటర్ ఒకటి తెరిచారు, ఇంటికే వచ్చి తీసుకుపోతామన్నారు. రక్తం రక్తమే కదా, ఎక్కడ చూస్తే ఏమిటి అనుకున్నాను. వచ్చి తీసుకుపోయారు. మర్నాడు మధ్యాహ్నం ఫోన్‌లో రిపోర్టు వచ్చింది. ఇరవై మూడు.

ముప్పై ఐదు లోపలే. కాగితంలో ఏ అంకె కిందా గీత లేదు, ఎర్ర రంగు లేదు. ఇంకెవరైనా అయితే హాయిగా అన్నం తినేవారు. నేను మాత్రం పదకొండు పక్కన ఇరవై మూడు పెట్టి చూశాను. రెట్టింపు దాటింది. ఒంటిగంట నుంచి నాలుగు దాకా దుకాణం మూసి ఉంటుంది. ఆ మూడు గంటలూ పలక ముందు కూర్చుని ఇలాగే పెరిగితే ఏమవుతుందో వేశాను. నలభై ఎనిమిది, నూరు, రెండు వందల తొమ్మిది. రోగం తిరిగి వచ్చిందనే ఖాయం చేసుకున్నాను. సుద్ద అరిగిపోయింది. పలక తుడిచేసి, ఇంట్లో అందరికీ మామూలే వచ్చిందని చెప్పాను. కానీ గ్రాఫులో చుక్క పెట్టకుండా ఉండలేకపోయాను. పెన్సిల్‌తో, చిన్నగా పెట్టాను. గీత కలిపాను కూడా.

మర్నాడు అక్క కొత్త కుండ తెచ్చుకుని నీళ్ళు పోసి, కారుతుందేమో చూస్తోంది. నేను వెళ్ళి, ఈసారి కూడా బోనం నా భార్యే ఎత్తుతుంది అన్నాను.

"ఎందుకురా?"

"బరువు ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది."

"ఏ డాక్టరమ్మ? పోయిన నెల నేను పాల క్యాన్ ఎత్తుతున్ననంటె సెబ్బాష్ అన్నది గద." అక్క కుండ కింద పెట్టింది. "నెత్తురు మీటర్ ఎంతొచ్చింది?"

"మామూలే అక్కా. సుమారు అంతే."

అక్క చేతులు తుడుచుకుని లోపలికి పోయి బీరువా తెరిచింది. అక్కకు చదువు రాదు కానీ, గీత ఎటు పోతోందో చెప్పడానికి చదువు ఎందుకు. మైదానం చివర మళ్ళీ కొండ మొదలైనట్టు పైకి లేచిన ఆ పెన్సిల్ గీతమీద వేలు పెట్టి నిలబడింది. బావ తలుపు దగ్గరికి వచ్చి ఆగాడు.

"కాగితం ఏది?"

ఫైల్లో పెట్టడానికి జిరాక్స్ దుకాణంలో ప్రింటు తీయించి ఉంచాను. ఇచ్చాను. అక్క దాన్ని తిప్పి చూసింది, పాత కాగితం ఒకటి తీసి పక్కన పెట్టుకుంది. పాతదానిమీద పైన పచ్చ పట్టీ, కొత్తదానిమీద నీలం పట్టీ.

"గిది ఎవ్వల మీటర్?"

నాకు అర్థం కాలేదు.

"ఎవ్వల మీటర్‌తోని చూసిండ్రురా? ప్రతిసారి పచ్చది వస్తది. గిది నీలంది. నువ్వు భాయ్‌కి రెండు గిలాసలు పెట్టి చూపెట్టినవ్ గద. పాలు ఒక్కటే, మీటర్లు రెండు అని. ఊరందరికి అదే కథ చెప్తవ్. నా నెత్తురుకు ఆ కథ చెప్పకపోతివా?"

నేను బీరువా తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ముప్పై ఒక్క ఏళ్ళు. రోజుకు కనీసం ఎనిమిది క్యాన్లు. అన్నిసార్లు ఒకే మీటర్‌తో చూసిన మనిషిని, అక్క రక్తం దగ్గరికి వచ్చేసరికి భాయ్ మీటర్ అంకె తెచ్చి నా మీటర్ అంకె పక్కన పెట్టాను.

బావ ఎప్పుడో గాని మాట్లాడడు. "భాయ్‌కి ఫోన్ చెయ్యాల్నా?" అన్నాడు. "మస్తు ఖుష్ అయితడు."

"నవ్వకుండ్రి ఇద్దరు," అంది అక్క, తనే నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి నా వైపు చూసింది. "ఒకవేళ మీటర్ కతనే కాకపోతె? నిజంగనే పెరిగిందనుకో. నాకు చెప్పకుండ ఎన్ని దినాలు దాద్దామనుకున్నవ్?"

"బోనాలు అయ్యేదాక."

"బోనం గుంజుకుని, బోనాలు అయ్యేదాక దాస్తవా. ఏం లెక్కరా నీది?"

నేను రెండు కాగితాలూ ఫైల్లో పెట్టాను.

మర్నాడే పెద్దాసుపత్రికి పోయాం. డాక్టరమ్మ రెండు కాగితాలూ చూసి, ల్యాబ్ మారిందని నేను చెప్పకముందే గుర్తుపట్టారు. ఒక్కో యంత్రం ఒక్కో రకంగా చూపిస్తుందని, ఒక ల్యాబ్ అంకెను ఇంకో ల్యాబ్ అంకెతో పోల్చకూడదని అన్నారు. అక్క నా వైపు తిరిగి చూడలేదు గాని, మోచేత్తో పొడిచింది.

"అయినా ఇది యంత్రం తేడానే అని నేను ఇప్పుడే అనను," అన్నారు డాక్టరమ్మ. "ముప్పై ఐదు లోపల ఉందిలే అని ఊరుకోకుండా వచ్చారు, మంచి పని చేశారు. పెరుగుదల నిజమైతే ముప్పై ఐదు లోపల ఉన్నా చూడాల్సిందే. మన ల్యాబ్‌లోనే మళ్ళీ చేద్దాం. ఇక్కడ కూడా పెరిగితే స్కాన్ తీద్దాం."

రక్తం ఇచ్చాం. గురువారం ఇస్తే శనివారం వస్తుందన్నారు. తిరిగి వచ్చేటప్పుడు అక్క బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. మదీనా చౌరస్తా దాటాక అంది, "అంకె ఎంతన్న రానీ. ఆదివారం కుండ నాదే. పెరిగితె సోమవారం సంది మళ్ళ మందులు పెట్టుకుందాం. నేను వద్దన్ననా? కని ఆదివారం నాది."

సరే అన్నాను. సుమారు అనలేదు.

శుక్రవారం నేను పలకమీద ఒక క్యాన్ అంకె రెండుసార్లు రాశాను. అలా ఎప్పుడూ జరగలేదు. అక్క మాత్రం కుండకు సున్నం పూసి, ఆరబెట్టి, పసుపు రాసి, కుంకుమ చుక్కలు పెడుతూ కూర్చుంది. ఒక చుక్క వంకరపోతే తుడిచి మళ్ళీ పెట్టింది. నాకంటే తన చేయి నిలకడగా ఉంది.

శనివారం పదకొండు గంటలకు దుకాణంలో నలుగురు గిరాకీలున్నారు. అందులో చాయ్ హోటల్ భాయ్ ఒకడు. బావ ఫోన్ చేశాడో లేదో గాని, ఆయనకు సంగతంతా తెలుసు. "నా మీటర్ పట్టుకొద్దునా?" అని అప్పటికే రెండుసార్లు అడిగాడు. అక్క భాయ్ డబ్బాలో పాలు పోస్తోంది. నా ఫోన్ మోగింది. రిపోర్టు తెరిచాను. పైన పచ్చ పట్టీ. కింద అంకె.

"పన్నెండు," అన్నాను.

అక్క చేయి ఆగింది. పాల ధార తెగి, కొలపాత్ర డబ్బా అంచుమీద నిలిచింది. "సుమారా?"

"కాదక్కా. పన్నెండు."

భాయ్ రెండు చేతులూ పైకెత్తి ఏదో అనుకుని మొహం తుడుచుకున్నాడు. అక్క మిగతా పాలు పోసి, పైన ఇంకో పావు లీటరు కొసరు వేసింది. ముప్పై ఏళ్ళలో ఆమె అంత కొసరు వేయడం నేను చూడలేదు. మధ్యాహ్నం గ్రాఫు ముందు నిలబడి ఇరవై మూడును ఏం చేయాలా అని ఆలోచించాను. తుడిచేయడం నా పద్ధతి కాదు. అంకె వచ్చింది, ఉండాలి. పెన్సిల్ గీత మాత్రం తుడిచి, చుక్క చుట్టూ ఒక సున్న చుట్టి, పక్కన 'వేరే మీటర్' అని రాశాను. పదకొండు నుంచి పన్నెండుకు కొత్త గీత కలిపాను. పక్కన అక్టోబర్ గడి ఖాళీగా ఉంది. మళ్ళీ మూడు నెలలకు అక్కడికే, ఆ పచ్చ పట్టీ దగ్గరికే పోవాలి. మాత్రలు రోజూ వేసుకోవాల్సిందే.

ఆదివారం పొద్దున మొదటి క్యాన్ దిగింది. బోనంలో పరమాన్నానికి పాలు అందులోంచే తీస్తాం. ఆ పాలకు మీటర్ పెట్టకూడదని మా ఇంట్లో పద్ధతి. అమ్మవారి పాలను అనుమానించకూడదనేది బాపు. అలవాటుగా నా చేయి మీటర్ దగ్గరికి పోతే అక్క దాన్ని మెల్లగా పక్కకు జరిపింది.

కుండలో పరమాన్నం, మీద వేపాకులు, దాని మీద దీపం. అక్కకు జుట్టు ఇప్పుడు చెవుల కిందిదాకా పెరిగింది. తలమీద కుండ కింద పెట్టే గుడ్డ చుట్ట నిలవడానికి కాస్త కష్టపడింది గాని నిలిచింది. నా భార్య ఒక పక్క, బావ ఒక పక్క నడుస్తుంటే నేను వెనక నడిచాను. గల్లీ అంతా డప్పులు. నేను ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా అడుగులు లెక్కపెడుతున్నాను. గుడి ముందు జనంలో వరుస ఆగినప్పుడు అక్క తల తిప్పకుండా, కుండ కదలకుండా, నన్ను అడిగింది.

"ఎంతయినయ్‌రా?"

"నాలుగు వందల పన్నెండు."

"పోయినేడు ఎన్ని?"

"పోయినేడు నువ్వు ఎత్తలే అక్కా. ముందటేడు గిట్ల ఎత్తలే. అంతకు ముందు నేను లెక్కపెట్టలే."

"అయితే దేనితోని పోలుస్తవ్," అంది అక్క. "ఇదే మొదటి చుక్క. పెట్టుకో."

వరుస కదిలింది. నాలుగు వందల పదమూడు.